మీ ప్రశ్నలకు జవాబులు: బ్యాంకు రోల్స్‌లో వెండి నాణేలు

ప్రశ్న: ఆరు నెలలుగా బ్యాంకు నుంచి క్వార్టర్ల (25 సెంట్ల నాణేల) రోల్స్, అంటే కాగితంలో చుట్టి ఇచ్చే కట్టలు, తెచ్చుకుని చూస్తున్నాను. ఒక్క వెండి నాణెం కూడా కనబడలేదు. నేను చూసే పద్ధతిలో లోపముందా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పద్ధతి బాగానే ఉంది, ఎంచుకున్న నాణెమే సరైంది కాదు. అమెరికాలో 1964 వరకూ డైమ్ (10 సెంట్లు), క్వార్టర్, హాఫ్ డాలర్ (50 సెంట్లు) మూడింటిలోనూ 90 శాతం వెండి ఉండేది. 1965 చట్టంతో డైమ్, క్వార్టర్లలోంచి వెండిని పూర్తిగా తీసేశారు. క్వార్టర్ రోజూ చేతులు మారే నాణెం కాబట్టి వెండివి ఎప్పుడో ఏరేశారు. హాఫ్ డాలర్ అలా కాదు. దుకాణంలో ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. ఏ సొరుగులోనో ఏళ్లకేళ్లు పడి ఉండి, ఇల్లు సర్దినప్పుడు విలువ తెలియనివాళ్ల చేతుల మీదుగా నేరుగా బ్యాంకుకు వెళ్తుంది. పైగా 1965 నుంచి 1970 వరకూ హాఫ్ డాలర్‌లో 40 శాతం వెండి ఉంచారు.

కాబట్టి క్వార్టర్లు మానేసి హాఫ్ డాలర్లు అడగండి. రోల్‌కు 20 నాణేలు, పది డాలర్లు. పెట్టెకు 50 రోల్స్, అంటే వెయ్యి నాణేలకు 500 డాలర్లు. మీ ఖాతా ఉన్న బ్రాంచిలో పెట్టె ఆర్డర్ పెట్టవచ్చు. అంతకంటే ముందు, ఖాతాదారులు తమ చేతులతో చుట్టి ఇచ్చిన రోల్స్ ఏమైనా టెల్లర్ (కౌంటర్‌లో డబ్బు ఇచ్చే ఉద్యోగి) సొరుగులో ఉన్నాయేమో అడగండి. యంత్రం చుట్టిన పెట్టెల కంటే వాటి మీదే మాకు నమ్మకం ఎక్కువ, ఎందుకంటే అవి ఒక ఇంటి డబ్బాలోంచి అలాగే వచ్చి ఉండవచ్చు. పెట్టె మొత్తం చూసినా ఒక్కటీ దొరక్కపోవడం మామూలే. దానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

చూసేటప్పుడు కాగితం విప్పి, 20 నాణేలనూ ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, తెల్లని దీపం కింద అంచులు చూడండి. వెండి లేని మామూలు నాణేనికి అంచులో రాగి గీత స్పష్టంగా కనబడుతుంది. 90 శాతం వెండిదైతే అంచంతా తెల్లగా ఉంటుంది. చాలామంది పొరపాటు పడేది 40 శాతం దాని దగ్గర. దాని అంచు పూర్తిగా తెల్లగా ఉండదు, మసకగా ఉండి కొన్నిసార్లు కాస్త ఎర్రజీర కూడా కనబడుతుంది. అంచు ఒక్కటే చూసి వేగంగా పక్కకు తోసేవాళ్లు దీన్ని వదిలేస్తారు. అందుకే అంచు చూశాక ప్రతి నాణెం మీదా సంవత్సరం కూడా చదవాల్సిందే. 1964 కెనడీ బొమ్మ అయినా, ఫ్రాంక్లిన్ బొమ్మ (1948–63) అయినా, నడుస్తున్న స్వేచ్ఛామూర్తి (1916–47) అయినా 90 శాతం వెండే.

తూకం గురించి ఒక మాట. 90 శాతం హాఫ్ డాలర్ 12.5 గ్రాములు, 40 శాతానిది 11.5, మామూలుది 11.34. చివరి రెండింటికీ తేడా 0.16 గ్రాములే. నాణెం అరిగి ఉంటే వంటింటి త్రాసు ఆ తేడా పట్టుకోలేదు. 0.01 గ్రాము వరకూ చూపించే చిన్న త్రాసు కావాలి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, మామూలు హాఫ్ డాలర్ కూడా దానికి అంటుకోదు.

ప్రశ్న: చూసేసిన నాణేలు వెనక్కి ఇవ్వడానికి వెళ్తే బ్రాంచిలో విసుక్కున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: తెచ్చుకున్న చోటే తిరిగి ఇవ్వకండి. టెల్లర్లకు పని పెరుగుతుంది, పైగా వచ్చే వారం మీరు చూసిన నాణేలే మళ్లీ మీ చేతికి రావచ్చు. తెచ్చుకోవడానికి ఒక బ్యాంకు, ఇవ్వడానికి నాణేలు లెక్కపెట్టే యంత్రం ఉన్న మరో బ్యాంకు పెట్టుకోండి. రెండో చోట కూడా ఖాతా ఉండాలి. మళ్లీ రోల్స్ చుట్టి ఇస్తే, తీసుకున్న వెండి నాణెం స్థానంలో మామూలుది పెట్టి 20 సరిచేయండి. లెక్క తగ్గితే ఆ డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది. ఎక్కడైనా నాణేల యంత్రం కనబడితే తిరస్కరించిన నాణేలు పడే గిన్నెలోకి ఓసారి తొంగి చూడండి. లోహం తేడా వల్ల యంత్రం వెండి నాణేలను చాలాసార్లు బయటికి తోసేస్తుంది.

ప్రశ్న: ఐదు సెంట్ల నికెల్‌లో కూడా వెండి ఉంటుందా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: 1942లో కొన్నిటిలోనూ, 1943, 44, 45లోనూ ఉంటుంది, 35 శాతం. తూకం మామూలు నికెల్‌లాగే 5 గ్రాములు కాబట్టి త్రాసు సాయపడదు. వెనక వైపు భవనం గుమ్మటం పైన పీ, డీ, ఎస్‌లలో ఒక పెద్ద అక్షరం ఉందేమో చూడండి. 1942లో రెండు రకాలూ చేశారు కాబట్టి ఆ సంవత్సరానికి ఈ అక్షరమే గుర్తు.

ప్రశ్న: ఇక్కడ బ్యాంకులు ఇచ్చే నాణేల సంచుల్లో పాత వెండి రూపాయలు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దొరకవు. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. వెండివి చలామణీలోంచి ఎప్పుడో పోయాయి. పావలా, అంతకంటే చిన్న నాణేలు కూడా 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. సంచుల్లో వెతకదగ్గవి 1992కు ముందరి కాపర్-నికెల్ రూపాయలు, 11 పలకల రెండు రూపాయలు. ఇక్కడ మాత్రం అయస్కాంతం పనికొస్తుంది: కాపర్-నికెల్ అంటుకోదు, స్టీలు అంటుకుంటుంది. అయితే పాత శుద్ధ నికెల్ కూడా అంటుకుంటుంది, కనుక సంవత్సరం చూడకుండా పక్కన పడేయవద్దు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది. పాత నాణేనికి లక్షలిస్తామని ముందుగా ఛార్జీలు అడిగేవాళ్లకు రూపాయి కూడా పంపకండి. దీనిమీద రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది.

ప్రశ్న: దొరికిన నాణెం నల్లగా ఉంది. చింతపండుతో తోమవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దయచేసి వద్దు. చింతపండు పులుపు పై పొరను తినేస్తుంది, తోమితే సన్నని గీతలు పడతాయి. ఆ గీతలున్న నాణేనికి సేకరించేవాళ్లు సగం ధర కూడా ఇవ్వకపోవచ్చు. పేస్టు, విభూతి, బూడిద కూడా అంతే. జిగురు అంటి ఉంటే అసిటోన్ అనే ద్రావకంలో నానబెట్టి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, రుద్దకుండా ఆరనివ్వండి. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి వాడండి. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తాలి. మెత్తటి పీవీసీ కవర్లలో దాచకండి, కొన్నేళ్లకు అవి పచ్చని జిడ్డు వదులుతాయి.