గెట్‌తో తంటాలు: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ముందు భయపడేది యాక్సెంట్ గురించి. వీళ్లు మాట్లాడేది బుర్రకెక్కట్లేదండీ, ఏం చెయ్యాలి అని అడుగుతారు. యాక్సెంట్‌కి చెవి తనంతట తనే అలవాటు పడుతుంది, దానికోసం టెన్షన్ అక్కర్లేదు. అసలు చిక్కంతా పొట్టి మాటలతోనే. జీఆర్ఈ కోసం ఇంతింత పొడుగు పదాలు బట్టీ పట్టి వచ్చినవాళ్లం కాబట్టి పెద్ద మాటలు మనకి బాగానే వచ్చు, కానీ ఇక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచి జనం నోట్లో నలిగేవి గెట్, టేక్, పుట్, రన్ లాంటివి. వాటిలో గెట్ అసలు సిసలు గడుగ్గాయి.

బళ్లో మనకి గెట్ అంటే పొందుట అని చెప్పారు. దాన్నే పట్టుకుని కూర్చుంటే "ఇట్స్ గెటింగ్ లేట్" అన్నప్పుడు ఎవరు ఏం పొందుతున్నారో బోధపడదు. డిక్షనరీ పక్కన పెట్టి, అదే సందర్భంలో తెలుగులో మనం ఏమంటామో చూడండి. చాలాచోట్ల 'పడు' అతికినట్టు సరిపోతుంది: గెట్ స్కేర్డ్ అంటే భయపడటం, గెట్ యూజ్డ్ టు అంటే అలవాటు పడటం, గెట్ కాట్ అంటే పట్టుబడటం, గెట్ సెటిల్డ్ అంటే స్థిరపడటం. ఇంకొన్నిచోట్ల 'పోవు'. కాఫీ చల్లారిపోతోంది, టైమైపోతోంది, వస్తూ వస్తూ దారి తప్పిపోయాం, వీటన్నిటికీ ఇంగ్లీషులో గెట్టే. (దారి తప్పడాన్ని గెట్ లాస్ట్ అంటారు. అదే రెండు మాటలు ఎదుటివాడి మొహం మీద విసిరితే మాత్రం తిట్టు.)

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది 'చేయించు' దగ్గర. చేశాను వేరు, చేయించాను వేరు అని తెలుగులో ఎప్పుడూ పొరపాటు పడం, ఇంగ్లీషులోకి రాగానే ఆ తేడా ఎటో ఎగిరిపోతుంది. సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరైనా మీ తల చూసి పలకరిస్తే "ఐ కట్ మై హెయిర్" అన్నారనుకోండి, అద్దం ముందు నిలబడి మీ జుట్టు మీరే కత్తిరించుకున్నారనుకునే ప్రమాదముంది. ఇక్కడ కటింగ్ ఖరీదెక్కువ, ఇంట్లోనే మెషిన్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి నమ్మేస్తారు కూడా. "ఐ గాట్ ఎ హెయిర్‌కట్" అనాలి. "ఐ రిపేర్డ్ మై కార్" అంటే మీరే కారు కింద దూరారని, "ఐ గాట్ మై కార్ ఫిక్స్‌డ్" అంటే మెకానిక్ దగ్గర బాగు చేయించారని. వీసా స్టాంపింగ్‌కి వెళ్లొచ్చి "ఐ స్టాంప్డ్ మై వీసా" అంటే స్టాంపు వేసింది మీరే అయిపోతారు, "ఐ గాట్ మై వీసా స్టాంప్డ్" అనండి. ఎవరిచేత చేయించారో చెప్పాలంటే "ఐ గాట్ ద ప్లంబర్ టు ఫిక్స్ ఇట్", మధ్యలో ఆ 'టు' మింగెయ్యకండి.

తర్వాత గెట్ డౌన్. బస్సు దిగడానికి మనం జన్మంతా వాడిన మాట ఇది, ఇక్కడ అలా అనరు. బస్సు, రైలు, విమానం అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ట్యాక్సీ అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. లోపల నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగే బండికి ఆన్, ఆఫ్, తల వంచి దూరి కూర్చునే బండికి ఇన్, అవుట్ అని గుర్తు పెట్టుకుంటే దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది. గెట్ డౌన్ అని ఎవరైనా గట్టిగా అరిచారంటే కిందకి వంగు, నేల మీద పడుకో అని. పోలీసు నోటి నుంచి ఆ మాట వస్తే చర్చలు పెట్టకుండా చెప్పింది చెయ్యాలి. పోలీసుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. రోడ్డు మీద వెనకాల లైట్లు వెలిగించి ఆపారనుకోండి, దాన్నే గెట్ పుల్డ్ ఓవర్ అంటారు, ఊళ్లోలా కారు దిగి కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లిపోకండి. పక్కకి ఆపి, లోపలే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా ఉంచండి. గబగబా దిగి ఎదురెళ్తే ఇక్కడ దాన్ని మర్యాద అనుకోరు, దాడికి వస్తున్నారనుకుంటారు. గెట్ అవుట్ అని ఆయన చెప్తేనే దిగాలి.

ఇంటికి చేరాక "ఐ రీచ్డ్" అని మెసేజ్ పెడతాం చూడండి, అది విని ఇక్కడివాళ్లు ఎక్కడికి అని ఆగిపోతారు. "ఐ గాట్ హోమ్" అంటే హాయిగా సరిపోతుంది.

డాక్టర్ దగ్గర ఈ మాట తేడా అసలు ఉపేక్షించకూడదు. "ఐ హావ్ ఎ హెడేక్" అంటే ఇప్పుడు తల నొప్పిగా ఉందని. "ఐ గెట్ హెడేక్స్" అంటే తరచూ వస్తుంటుందని. రెండోది చెప్పాల్సినచోట మొదటిది చెప్తే ఆయన ఈ పూట నొప్పి గురించే అడిగి, మాత్రేదో చెప్పి పంపించే ప్రమాదముంది. అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం కాబట్టి వెళ్లినప్పుడే సరిగ్గా చెప్పుకోవాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మీరే దుబాసీ కదా, "లేవగానే కళ్లు తిరుగుతుంటాయి" అని అమ్మ అంటే "షీ గెట్స్ డిజ్జీ వెన్ షీ గెట్స్ అప్" అనండి. ఎప్పుడెప్పుడు, ఎంతసేపు అన్న ప్రశ్నలు దాని వెనకే వస్తాయి.

ఇక ఆఫీసు. "లెట్ మీ గెట్ బ్యాక్ టు యూ" అంటే కనుక్కుని చెప్తాను అని, దాన్ని కాదనడం కింద తీసుకోనక్కర్లేదు. "ఐ విల్ గెట్ టు ఇట్" అంటే చేస్తాను గానీ ఎప్పుడో చెప్పను అని, మన చూద్దాంలే లాంటిదే, కాబట్టి వెంటనే తేదీ అడగండి. "ఐ హావెంట్ గాటెన్ అరౌండ్ టు ఇట్" అన్నారంటే అసలు మొదలే పెట్టలేదు. మీ పనికి అడ్డం అయితే మళ్లీ ఒక మెయిల్ కొట్టాల్సిందే. మేనేజరు "యూ గెట్ టు ప్రెజెంట్ టుమారో" అంటే అదొక అవకాశంగా ఇస్తున్నాడని, "యూ హావ్ గాట్ టు ప్రెజెంట్" అంటే తప్పదని. మొదటిదానికి మొహం మాడ్చుకుంటే బాగుండదు, లోపల ఏడుపొస్తున్నా సరే.

మనం మానుకోవాల్సినది ఇంకొకటి, "ఆర్ యూ గెటింగ్ మీ?" అనేది. ఇక్కడివాళ్ల చెవికి అది వింతగానూ, కాస్త దబాయింపుగానూ వినపడుతుంది. "డజ్ దట్ మేక్ సెన్స్?" అంటే గౌరవంగా ఉంటుంది. ఎవరైనా మీకు చెప్పింది అర్థమైతే మాత్రం "గాట్ ఇట్" అనండి, అందులో ఏ ఇబ్బందీ లేదు. తలుపు చప్పుడైనప్పుడు "ఐ విల్ గెట్ ఇట్" అంటే నేను తీస్తాను అని, హోటల్లో బిల్లు వచ్చినప్పుడు "ఐ విల్ గెట్ దిస్" అంటే నేను కడతాను అని. మన పద్ధతిలో పర్సులు లాక్కుంటూ పెనుగులాడకుండా, థాంక్స్ చెప్పి వచ్చేసారి నాది అనండి చాలు.

లండన్ నుంచి ఇటు మారినవాళ్లకి గాటెన్ కొత్తగా అనిపిస్తుంది. అక్కడ వాడుకలో దాదాపు పోయింది, ఇక్కడ నిలిచింది. అమెరికాలో "ఐ హావ్ గాట్ ఎ కార్" అంటే నాకు కారుంది అని, "ఐ హావ్ గాటెన్ ఎ కార్" అంటే కారు సంపాదించాను అని. మాటల్లో గాట్టా (గాట్ టు, అంటే చెయ్యక తప్పదు అని), గాట్చా (గాట్ యూ, అంటే అర్థమైంది అని) ఎంతైనా వాడుకోండి, క్లయింటుకి వెళ్లే మెయిల్లో మాత్రం వద్దు.