జమిడిక ఎక్కడికి పోయింది?

మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పాట హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు, కారులో ఒకసారి విన్నాను. చాలా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమే నాకు అనుమానం తెచ్చింది. పాటలో మోగాల్సిన ఆ జానపద వాయిద్యం, జమిడిక, ఎక్కడికి పోయిందిరా?

పాత క్యాసెట్‌లోని ఎల్లమ్మ పాటని ఏఐతో విడగొట్టి, గొంతు తీసుకుని కింద కొత్త బీట్ వేశావు. అందులో తప్పేం లేదు. మా రోజుల్లో ఒకసారి కలిసిపోయిన టేపులోంచి గొంతు వేరు చేయాలంటే హంసే దిగి రావాలి. ఇప్పుడు జాన్ లెనన్ పాత క్యాసెట్‌లో పియానోతో కలిసిపోయిన గొంతును ఇలాగే బయటికి తీసి, 2023లో బీటిల్స్ పాటగా విడుదల చేశారు.

కానీ ఆ ఏఐ పాటని ఎలా పంచుతుందో చూడు. డెమక్స్ లాంటి పాట విడగొట్టే ప్రోగ్రాములు మామూలుగా నాలుగు భాగాలు చేస్తాయి: గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి. జమిడికకి తోలూ ఉంది, తీగా ఉంది. దెబ్బ ఒక భాగంలోకి, ఆ గుమ్మని జారే స్వరం ఇంకో భాగంలోకి పోయి ఉంటాయి. ఇలాంటివాటికి పాఠం చెప్పడానికి బాగా వాడిన మ్యూజ్‌డిబి18 అనే పాటల సేకరణలో ఉన్నవి 150 పాటలు, ఎక్కువగా పాశ్చాత్య పాప్, రాక్. జమిడికని దానికి ఎవరు పరిచయం చేస్తారు? అందుకని నాలుగింటినీ ఒక్కొక్కటిగా సోలో చేసి విను. ముఖ్యంగా 'మిగతావి'. మన వాయిద్యాలు ఎక్కువగా దొరికేది అక్కడే.

నేనూ బోల్తా పడ్డవాడినేలే. ఒక హరికథ రికార్డింగ్‌లో హిస్, అదే టేపు బుసబుస, తీయబోయి ఊపిరి కూడా తీసేశాను. కథకుడు దమ్ము పట్టకుండా పది నిమిషాలు పాడినట్టు తయారైంది. పైగా దాన్ని ఒరిజినల్ ఫైల్ మీదే సేవ్ చేశాను. నువ్వు మాత్రం ఒరిజినల్‌ని ముట్టుకోకు, వేరే డిస్క్‌లో దాచు.

ఆటో మాస్టరింగ్, అంటే కంప్యూటర్ దానంతటదే ఇచ్చే చివరి మెరుగు, చేసిందాన్ని ముందుదానితో పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చెయ్. గట్టిగా వినబడేదే బాగుందనిపిస్తుంది, నలభై ఏళ్ల అనుభవమున్న చెవి కూడా మోసపోతుంది. పిచ్ సరిచేసేదాన్ని గమకాల దగ్గర ఆపెయ్. తోడి రాగంలో ఊగాల్సిన గాంధార స్వరాన్ని అది నిటారుగా నిలబెడుతుంది.

ఇక అసలు సంగతి. రెండో చరణం ఆ క్యాసెట్‌లో లేదు. అది నా దగ్గరున్న క్యాసెట్టే కదా, నాకు తెలుసు. క్యాసెట్‌లో పాడిన ఆ పెద్దాయన గొంతు ఏఐతో క్లోన్ చేసి పాడించావు, అవునా? 2024లో ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బు ఇచ్చామని చెప్పారు. అదే ఏడాది, అడక్కుండా బాలుగారి గొంతు వాడారని ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమావాళ్లకి లీగల్ నోటీసు పంపింది. నువ్వు ఎవరినైనా అడిగావా?

ఇంకా ఎక్కడా పెట్టకు. ఆ చరణం తీసెయ్, లేదా మనిద్దరం ఆ పెద్దాయన ఊరు వెళ్లి ఇంట్లోవాళ్లని అడుగుదాం. ఆయన కొడుకు ఇప్పటికీ జమిడిక వాయిస్తాడు. రెండు మైకులు, రికార్డర్ తెచ్చుకో. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, ఈలోగా క్యాసెట్ డెక్ బెల్టు మార్చి పెడతాను.

నీ మావయ్య