అరుదైన ఇంగ్లిష్ పదాలు: బట్టీ పట్టినా గుర్తుండటం లేదెందుకు?

ప్రశ్న: పోటీ పరీక్ష కోసం అరుదైన ఇంగ్లిష్ పదాలను తెలుగు అర్థాలతో నోటుబుక్కులో రాసుకుని బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. లాటిన్, గ్రీకు ధాతువులు నేర్చుకుంటే ఈ శ్రమ తప్పుతుందని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. మాట్లాడటమనే అర్థంగల 'లోక్వీ' అనే లాటిన్ ధాతువు తెలిస్తే, అదేపనిగా మాట్లాడేవారిని చెప్పే 'లొక్వేషస్', ధారాళంగా ఆకట్టుకునేలా మాట్లాడేవారిని చెప్పే 'ఎలొక్వెంట్', నాటకంలో పాత్ర తనలో తాను పలికే 'సొలిలొక్వీ' ఒకే కుటుంబానివని తెలిసిపోతుంది, ఒకటి తలచుకుంటే మిగిలినవీ వెంట వస్తాయి. అయితే పైపై పోలికను ధాతువనుకుంటే మాత్రం బోల్తా పడతారు. 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, నీరసపరచడం. 'నాయిసమ్' ముఖ్యంగా దుర్వాసన విషయంలో వాడే మాట, దానికి నాయిస్‌తో ఏ సంబంధమూ లేదు. 'రెస్టివ్' అన్నది విశ్రాంతిగా ఉన్నవారిని కాదు, అసహనంతో అదుపు తప్పబోతున్నవారిని. ప్రశ్నపత్రం కూర్చేవారికి ఇలాంటి మాటలంటే మహా మక్కువ.

ఇక మీ జాబితాలోని అసలు లోపం, ఒక మాటకు ఎదురుగా ఒకే అర్థం ఉండటం. 'ఇంక్లెమెంట్' ఎదుట 'కఠినమైన' అని రాసుకున్నవారు దాన్ని కఠినమైన ప్రశ్నకూ తగిలిస్తారు, కానీ నేడది దాదాపుగా చలిగాలులు, వానలతో ఇబ్బంది పెట్టే వాతావరణానికే పరిమితం. ఏ మాట వేటి పక్కన కుదురుతుందో లెర్నర్స్ డిక్షనరీలోని ఉదాహరణ వాక్యాలు చూపిస్తాయి. అర్థాలు కూడా కష్టంగా ఉండవు: 1978లో వెలువడిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 తేలిక మాటలతోనే వివరణలు రాసింది.

మరుపు సంగతికి వస్తే, అర్థంలేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి పరీక్షించుకున్న జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్, నేర్చినదానిలో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని 1885లోనే రాశారు. కాబట్టి ఒకే రోజు పదిసార్లు వల్లించే బదులు ఎడం పెంచుతూ పునశ్చరణ చేయండి. కార్డుకు ఒకవైపు ఖాళీ ఉంచిన వాక్యం, రెండోవైపు ఆ మాట రాసుకోండి. తిప్పి చూసే ముందు కాస్త తడుముకోవడం అవసరం, ఎందుకంటే ఆ ప్రయత్నమే మాటను గుర్తు నిలుపుతుంది. మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు చూడండి; మధ్యలో ఎక్కడ తప్పినా ఆ కార్డును మళ్లీ మర్నాటి కట్టలో చేర్చండి.