పొలం మందుకు తేనె విరుగుడా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర పల్లె. మా ఆయన పొగాకు ఆకు కోతకూ, మిగతా రోజుల్లో మిరప తోటలకు మందు కొట్టడానికీ వెళ్తారు. కొన్నిసార్లు ఇంటికి రాగానే తల తిప్పుతోందని, వాంతి వచ్చేట్టుందని పడుకుంటారు. ఒంట్లో చేరిన విషాన్ని తేనె లాగేస్తుందని మా అత్తగారు రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల అడవి తేనె కలిపి ఇస్తున్నారు. విషపదార్థాల నుంచి తేనె కాపాడుతుందని నేనూ ఒకచోట చదివాను. ఎంతవరకు నిజం? పది నెలల మా బాబు నాలుక మీద కూడా తేనె రాయమంటున్నారు. రాయవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చదివినదాంట్లో నిజం ఉంది. తేనెలో సుమారు 80 శాతం చక్కెరలు, 20 శాతం లోపు నీరు పోగా మిగిలిన కొద్దిపాటి భాగంలో పూల నుంచి వచ్చిన పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు ఉంటాయి. కొన్ని విషాలను లివరు విడగొట్టేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు అక్కడి కణాలను దెబ్బతీస్తాయి. పాలీఫినాల్స్ ఆ దెబ్బను కొంత తగ్గిస్తాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనం, మోతాదు మించిన పారాసిటమాల్ వంటివి ఎలుకలకు ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, తేనె తిన్న ఎలుకల లివరు తక్కువగా దెబ్బతిన్నది. అయితే ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో తేనెను ముందునుంచే రోజూ పట్టించారు; శరీర బరువుతో పోలిస్తే ఆ మోతాదు మీ రెండు చెంచాలకన్నా ఎంతో ఎక్కువ. విషం ఎక్కిన మనిషికి తేనె విరుగుడు అని వాటిని బట్టి చెప్పలేము.

మిరపకు కొట్టే ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలకు, కండరాలకు మధ్య పనిచేసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టుకుని ఆపేస్తాయి. ఆ పట్టును తేనె విడిపించలేదు. ఒళ్లంతా చెమట, నోట చొంగ, సూదిమొనంతగా కుదించుకుపోయిన కంటిపాప, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేసి, మందు డబ్బా లేబులుతో సహా ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షనే ప్రాణం నిలబెడుతుంది. మగతగా ఉన్న మనిషి నోట్లో తేనె గానీ, పాలు గానీ, వాంతి కోసం ఉప్పునీళ్లు గానీ పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆకు కోసిన రోజుల్లోనే తల తిరుగుతుంటే కారణం చాలావరకు నికోటిన్. అది నీటిలో కరుగుతుంది కాబట్టి, మంచు ఆరకముందే చేలో దిగినప్పుడు తడి ఆకుల నుంచి చొక్కాకూ, చొక్కా నుంచి చర్మంలోకీ చేరుతుంది. పసరు పట్టి అట్టకట్టిన చొక్కా చేతులను మీరు ఉతికేటప్పుడు చూసే ఉంటారు. సాయంత్రం వరకు ఆ చొక్కా ఒంటిమీదే ఉంటుంది. రాత్రి తేనెనీళ్లు తాగే వేళకు చేరవలసినదంతా చేరిపోయి ఉంటుంది. అందుకని మీ అత్తగారు ఆ గ్లాసుకన్నా ముందు దొడ్లో ఒక బకెట్ నీళ్లు, సబ్బు సిద్ధంగా పెట్టాలని నా మనవి. ఆయన ఇంట్లోకి రాకముందే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. మంచు ఆరాకే కోతకు దిగడం, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముందు ప్లాస్టిక్ పట్టా కట్టుకోవడం అవసరం. మందు కొట్టిన బట్టలు విడిగా ఉతకండి. షుగరు జబ్బు లేకపోతే తేనెనీళ్లు మానవలసిన పని లేదు, ఆహారంగా తాగనివ్వండి.

తేనె నిజంగా ప్రథమచికిత్సగా పనికివచ్చే సందర్భం ఒకటుంది, పిల్లలున్న ఇంట్లో అది తెలిసి ఉండాలి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రని బటన్ బ్యాటరీని పిల్లలు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని చుట్టూ క్షారం పుట్టించి రెండు గంటల్లోనే కాల్చేయగలదు. ఆమ్లగుణం, చిక్కదనం ఉన్న తేనె ఆ క్షారాన్ని కొంత విరిచి, పైన పూతలా నిలుస్తుందని ఫిలడెల్ఫియా వైద్యులు పందిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. 2018లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఏడాది నిండిన పిల్లలు మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, 10 నిమిషాలకోసారి 10 మిల్లీలీటర్ల చొప్పున ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చునని అమెరికాలోని విష చికిత్సా కేంద్రం సూచిస్తోంది. అదీ ఆసుపత్రికి వెళ్లే దారిలోనే. తేనె కోసం వెతుకుతూ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. బ్యాటరీని తీయవలసింది వైద్యులే.

ఏడాది నిండిన పిల్లలకు అని చెప్పడానికి కారణం ఉంది. మీ బాబు గురించిన ప్రశ్నకు జవాబూ అదే. రాయకండి. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులో అవి మొలకెత్తవు గానీ ఏడాదిలోపు పసిబిడ్డ పేగులో మొలకెత్తి కండరాలను చచ్చుపరిచే విషాన్ని పుట్టిస్తాయి. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు, అడవి తేనె అయినా కొట్లో తేనె అయినా ఒకటే. ఇప్పటికే ఒకటి రెండుసార్లు రాసి ఉంటే కంగారు పడకండి, ఈ జబ్బు అరుదు. కానీ బాబుకు మలబద్ధకం వచ్చినా, ఏడుపు బలహీనపడినా, రెప్పలు వాలినా, పాలు పట్టి లాగలేకపోతున్నా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించి, తేనె రాసిన సంగతి దాచకుండా చెప్పండి.