గుడారం బయట చెప్పిన మాట

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న 1847 నాటి రోజులు ఎంచుకోవడం నచ్చింది. ఇసుక తిన్నెల మీద కూలీల పాకలు, పొద్దుగూకే వేళ పొయ్యిల పొగ కళ్ళకి కట్టాయి. దొర మాత్రం మనిషిగా రాలేదమ్మా. సారా తాగాడు, కొరడా పట్టాడు, అంతే. ఊళ్ళోవాళ్ళంతా వెన్నలాంటి మనుషులు.

నరసాపురంలో మా మేనత్త లేసు అల్లేది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకున్నాకే సూది పట్టేది. దారానికి మరక అంటితే ఏజెంటు ఆ ముక్క తీసుకోడు. ఆ లేసు దొరల సీమకి పోయేది. అల్లుతూనే, "దొరలకి శుభ్రం ఎక్కడిదిరా? కాగితంతో తుడుచుకునే జాతి" అనేది. ఒక్క తెల్లవాడితో కూడా ఆవిడ మాట్లాడి ఎరగదు. రోజంతా నడుం వంచినా చేతికొచ్చేది చిల్లర. కొనేవాళ్ళ కంటే తనే ఒక మెట్టు పైన ఉన్నానని అనుకోడానికి ఆవిడకి ఆ మాట కావాలి. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. నాకైతే కథ అక్కడుంది.

అవతలివాళ్ళూ ఇదే చేశారు. చలిదేశాల యూరప్ వాళ్ళకి తెగువ ఉంది గానీ తెలివి చాలదని, ఆసియా వాళ్ళకి తెలివి ఉన్నా తెగువ లేక ఒకరి కింద బతుకుతారని అరిస్టాటిల్ రాశాడు. రెండూ ఉన్నది మధ్యనున్న గ్రీకులకే అన్నాడు. ఆ మాటల్లో ఆసియా కంటే గ్రీకులే ఎక్కువ కనిపిస్తారు.

మనం మ్లేచ్ఛులన్నాం. చైనా వాళ్ళు అనాగరికులనే అర్థంలో 'యీ' అన్నారు. 1858 తియాన్‌జిన్ ఒప్పందంలో, ప్రభుత్వ కాగితాల్లో తమకి ఆ అక్షరం వాడకూడదని ఇంగ్లీషువాళ్ళు ప్రత్యేకంగా రాయించుకున్నారు. యుద్ధంలో పైచేయి అయినవాళ్ళకి కూడా ఒక్క అక్షరం అంతగా గుచ్చుకుంది! మన కోరంగి సంగతీ చూడు. రేవు పేరు బర్మాలో తెలుగు కూలీలందరికీ అంటుకుని, చివరికి చిన్నచూపు మాటయింది.

అలాగని దొరని దేవుణ్ణి చెయ్యకు. కాటన్ విగ్రహానికి దండ వేసేవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ నీళ్ళతో పండిన అన్నమే తిన్నాను. అయినా కథలో దేవుడైనా, రాక్షసుడైనా మనిషి కనిపించకుండా పోతాడు.

మూడో పేజీలో మేస్త్రి దొర గుడారంలోకి వెళ్తాడు కదా, అక్కడ ఆగు. దొర జ్వరంతో మూలుగుతున్నాడనుకో. మేస్త్రి లోపల ఏం చూశాడు? బయటికొచ్చి పాకల్లో వాళ్ళకి ఏం చెప్పాడు? ఆ రెండూ ఒకటి కాకపోతే ఎందుకు కాలేదో, ఆ మార్చిన మాట విని పాకల్లో ఎవరి గుండె కుదుటపడిందో రాయి. తొందరేం లేదు. సంక్రాంతిలోపు పంపితే చాలు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు