భాజకాల మొత్తంపై సెమినారు చేయబోతున్న మేనకోడలికి

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

సెమినారుకు భాజకాల మొత్తాన్ని ఇచ్చే ప్రమేయాన్ని, అదే సిగ్మాను, ఎంచుకున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. సూత్రం కంఠతా వచ్చిందనీ, అది రాసేశాక ఇంకేం చెప్పాలో తోచడం లేదనీ దిగులుపడుతున్నావట. ఆ సూత్రాన్ని ఒక వారం పక్కన పెట్టమ్మా. ముందు 1 నుంచి 100 వరకు సిగ్మా పట్టికను నీ చేత్తో నువ్వే వేసుకో. చెప్పవలసినవి అందులోనే దొరుకుతాయి.

గడియార స్తంభం దగ్గరి కొట్లలో పెద్ద తెల్ల కాగితం కొనుక్కుని, వరుసకు పది చొప్పున వంద గళ్లు గీసుకో. ఒక్కో సంఖ్య తీసుకుని దాని భాజకాలు వెతుకుతూ కూర్చోవద్దు. 96 దగ్గరికి వచ్చేసరికి 24నో 32నో మరిచిపోవడం ఖాయం. భాజకం వైపు నుంచి రా. ముందు ప్రతి గడిలోనూ 1 వెయ్యి. తర్వాత 2, 4, 6 అంటూ గడి విడిచి గడిలో 2 వెయ్యి. ఆపైన మూడో గడి చొప్పున 3, నాలుగో గడి చొప్పున 4. యాభై దాటాక ఇక ఏ సంఖ్యా తన గడిలో తప్ప ఇంకెక్కడా పడదు, కాబట్టి చివరి సగం చకచకా అయిపోతుంది. అన్నీ వేశాక గడి గడికీ కూడుకో. 12 గడిలో 1, 2, 3, 4, 6, 12 ఉంటాయి; మొత్తం 28.

లెక్క సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది. వంద గళ్ల మొత్తాలన్నీ కలిపితే 8299 రావాలి. 1 వంద సార్లు, 2 యాభై సార్లు, 3 ముప్పై మూడు సార్లు పడ్డాయి కదా, అలా విడిగా కూడినా అదే వస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా వదలకుండా వెతుకు. ఆ 8299ని 100 వర్గంతో, అంటే 10000తో భాగించు. దాదాపు 0.83 వస్తుంది. పట్టికను వెయ్యి దాకా, పదివేల దాకా పెంచుతూ పోతే ఈ నిష్పత్తి 0.8225 దగ్గరికి చేరుతుంది. అది 'పై' వర్గంలో పన్నెండో వంతు. వృత్తం ఊసే లేని కూడికల్లోకి 'పై' ఎలా వచ్చిందన్న ప్రశ్న సెమినారులో తప్పకుండా వేయి. వర్గసంఖ్యల వ్యుత్క్రమాల మొత్తం 'పై' వర్గంలో ఆరో వంతు అని గణితవేత్త ఆయిలర్ తేల్చిన ఫలితమే దీని వెనక ఉన్నది.

పట్టిక పూర్తయ్యాక దాన్ని ఊరికే చూస్తూ కొంతసేపు కూర్చో. 14, 15, 23 మూడింటికీ మొత్తం 24. ఏ గడిలోనూ 2 గానీ 5 గానీ మొత్తంగా రాదు. బేసి మొత్తాలు 1, 2, 4, 8, 9, 16, 18, 25... గళ్లలోనే ఉంటాయి: అన్నీ వర్గాలు, లేదా వర్గాలకు రెట్టింపులు. కారణం నేను చెప్పను, నువ్వే ఆలోచించు. అయితే పట్టికను మరీ గుడ్డిగా నమ్మవద్దు. తనకంటే చిన్న భాజకాల మొత్తం తనను మించిపోయే సంఖ్యలు వంద లోపల అన్నీ సరి సంఖ్యలే. బేసి సంఖ్యలకు ఇది జరగదని అనుకుంటావు. 945కు జరుగుతుంది. అన్ని భాజకాలూ కలిపితే దాని మొత్తం 1920, రెట్టింపు 1890 కంటే ఎక్కువ.

ఇప్పుడు సూత్రం దగ్గరికి రా. 12ను 4×3గా విడగొట్టు. 4 భాజకాల మొత్తం 1+2+4, 3 భాజకాల మొత్తం 1+3. ఈ రెండు కుండలీకరణాలను గుణించి, కూడకుండా పదాలుగానే ఉంచు: 1, 2, 4, 3, 6, 12. పన్నెండు భాజకాలన్నీ ఒక్కోసారి వచ్చాయి. 7×4=28. ఇక్కడ విద్యార్థులు ఎక్కువగా తప్పేది విడగొట్టిన రెండు సంఖ్యల గ.సా.భా. 1 కావాలన్న షరతు దగ్గరే, కాబట్టి దాన్ని నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద చూపించు. 12ను 2×6గా విడగొడితే 3×12=36 వస్తుంది, 8 ఎక్కువ. పదాలు విప్పి రాస్తే 1, 2, 3, 6, 2, 4, 6, 12. రెండు, ఆరు రెండేసి సార్లు పడ్డాయి, ఆ అదనమే 8. ఇది చూపించాక 360 ఇవ్వు. అది 8×9×5, కాబట్టి సిగ్మా 15×13×6=1170. 1+2+4+8 లాంటివి కూడే గుణశ్రేఢి సూత్రం అందరికీ తెలిసిందే, దాని మీద సమయం పెట్టనక్కరలేదు.

సెమినారులో ఎక్కువ సమయం ఆయిలర్ కనిపెట్టిన మరో నియమానికి ఇవ్వమని నా సలహా. 1, 2, 5, 7, 12, 15, 22, 26 అనే సాధారణీకృత పంచభుజ సంఖ్యలు తీసుకో. ఏ సంఖ్యకు కావాలో దానిలోంచి వీటిని ఒక్కొక్కటిగా తీసివేస్తూ, వచ్చిన సంఖ్యల సిగ్మాలను రెండు కూడిక, రెండు తీసివేత చొప్పున కలుపు. సున్నా వస్తే అక్కడ నువ్వు మొదట తీసుకున్న సంఖ్యనే వేసుకో. 12కు చేసి చూడు: 11, 10, 7, 5 సిగ్మాలు 12, 18, 8, 6, చివర సున్నా వచ్చింది కాబట్టి 12. 12+18−8−6+12=28. పన్నెండుకు ఒక్క భాజకం కూడా వెతకలేదు! అసలు ఏది ప్రధాన సంఖ్యో కూడా అడగకుండా ఈ నియమం జవాబు ఇచ్చేస్తుంది. ఎన్ని సార్లు చేసినా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయిలర్ కూడా దీన్ని మొదట ప్రకటించినప్పుడు పూర్తి నిరూపణ లేదని ఒప్పుకున్నాడు. దాదాపు వంద దాకా సిగ్మా పట్టిక వేసి, దానితో సరిచూసి నమ్మాడు. నిరూపణ కొన్నేళ్ల తర్వాత దొరికింది. నిన్ను పట్టిక వేయమంటున్నది అందుకే.

పరిపూర్ణ సంఖ్యల గురించి, అంటే సిగ్మా తమకు సరిగ్గా రెట్టింపు అయ్యే సంఖ్యల గురించి, క్లుప్తంగా చెప్పు. యూక్లిడ్ ఇచ్చిన రూపం, సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఆ రూపంలోనే ఉంటాయని ఆయిలర్ చేసిన నిరూపణ, బేసిది ఒక్కటైనా ఉందో లేదో ఇంకా తేలలేదన్న మాట చాలు. దానికి బదులు మన మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారి పని చూపించు. గుంటూరు ప్రాంతంలోని యాజలిలో పుట్టి, కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త. ఒక భాజకానికీ, దానితో భాగిస్తే వచ్చిన భాగఫలానికీ గ.సా.భా. 1 అయితేనే దాన్ని లెక్కలోకి తీసుకోమంటే పరిపూర్ణ సంఖ్యలు ఎలా మారతాయన్నది ఆయన, వారెన్ అనే మరో గణితవేత్తతో కలిసి 1966లో పరిశీలించిన విషయం. 60కి అలాంటివి 1, 3, 4, 5, 12, 15, 20, 60. మొత్తం 120, సరిగ్గా రెట్టింపు. 6, 60, 90, 87360, ఇంకా 24 అంకెలున్న ఒక సంఖ్య, ఇప్పటికి తెలిసినవి ఈ అయిదే. తెలుగువాడి పేరు తెలుగు విద్యార్థుల సెమినారులో వినబడాలని నా కోరిక.

ప్రధాన సంఖ్యలకు సంబంధించి ఇంకా తేలని రీమాన్ పరికల్పన జోలికి మాత్రం వెళ్లవద్దు. 5040 దాటిన ప్రతి సంఖ్యకూ సిగ్మా ఒక హద్దుకు లోపలే ఉంటుందని చూపితే ఆ పరికల్పన నిజమైనట్టేనని 1984లో తేలింది. వినడానికి ఘనంగా ఉంటుంది, కానీ ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నీ దగ్గర ఇప్పుడు జవాబు లేదు. బోర్డు ముందు నిలబడి సొంతంగా కట్టి చూపించగలిగిందే చెప్పు.

దసరా సెలవులకు కర్నూలు రా. పట్టికను 300 దాకా ఇద్దరం కలిసి పొడిగిద్దాం. 220, 284 రెండింటికీ 504 వస్తుంది. అలాంటి జంటల గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. అక్కయ్యను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య