యాప్ డిలీట్ చేసినా డబ్బులు పోతానే ఉండాయి, ఎందుకు?

ప్రొద్దుటూరు నుంచి ఒకాయన రాసినారు. డీఎస్సీ ప్రిపరేషన్ టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో స్పోకెన్ ఇంగ్లీష్ యాప్ లింక్ పెట్టినారంట, రూపాయి కడితే వారం ఫ్రీ అని. ఈయన కట్టినారు, నచ్చలేదు, రెండో రోజే యాప్ డిలీట్ చేసినారు. అయినా రెండు నెలల నుంచి 399 కట్ అవుతాంది. "యాప్ లేదు కదా సార్, మరి ఎవురు కోసుకుంటాండారు?" అని అడుగుతాండారు.

ఈ నెల్లో ఈ గోడు ఎన్నోసారో లెక్కపెట్టడం మానేసినా. ఒకసారి జాతకాల యాపు, ఇంకోసారి చెనిక్కాయ రేట్ల యాపు, కథ మాత్రం అదే. మీరు తీసేసింది ఫోన్లో బొమ్మని సామీ, బ్యాంకుకి మీరిచ్చిన పర్మిషన్ అట్లే ఉంది. ఆరోజు పిన్ కొట్టింది రూపాయికి కాదు, ఆటోపేకి, అంటే నెలనెలా దానంతట అదే డబ్బులు కట్ చేసుకోమని ఇచ్చే ఒప్పుదలకి.

మొన్న అనంతపురంలో టవర్ క్లాక్ పక్క సందులో నాకు తెలిసిన టైలరన్న కూడా ఇదే చెప్తే అట్లాంటి స్క్రీన్ ఒకటి తెరిచి చూపించినా. పైన ఇంత లావు అంకె, 1 రూపాయి. కింద బూడిదరంగులో చీమతలకాయంత అక్షరాలు, గరిష్టంగా 999, ముగింపు తేదీ ఇంకో ముప్పై ఏండ్లకి. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించే మనిషి, కళ్లద్దాలు నెత్తికి ఎత్తి, ఫోన్ ముక్కుదగ్గర పెట్టుకోని చదివి, "ఇది అప్పుడు లేదబ్బా" అన్నాడు. ఉండింది. యూపీఐలో ఈ ఆటోపే 2020 నుంచి ఉంది, ఒకసారి ఒప్పుకుంటే 15 వేల దాకా మళ్లీ పిన్ అడగకుండానే కట్ అవుతాది. కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు రూలు, వస్తాది కూడా, మనం లోన్ ఆఫర్ అనుకోని పక్కకి తోసేస్తాం.

ఆపడం పెద్ద పని కాదు. మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ కింద ఆటోపే అని ఉంటాది, అక్కడ రద్దు చేయండి, పిన్ అడిగితే మీరే తెరిచిన స్క్రీన్ కాబట్టి కొట్టండి. ప్లేస్టోర్ ద్వారా కట్టింటే అక్కడ సబ్‌స్క్రిప్షన్స్‌లో వేరేగా తీసేయాల, కట్టి 48 గంటలు కాకుంటే రిఫండ్ కూడా అడగొచ్చు.

నా భయం ఆ 399 గురించి కాదు. ఆయన ఉత్తరం చివర్లో, ఏదో మామూలు సంగతి మాదిరి, ఇంకో మాట రాసినారు. గ్రూపులో "డబ్బులు పోయినాయి" అని పెట్టంగానే కస్టమర్ కేర్ అని ఒకడు పర్సనల్‌గా మెసేజ్ చేసి రిఫండ్ ఫామ్ అని ఒక ఏపీకే ఫైల్ (ప్లేస్టోర్ తో పనిలేకుండా యాప్ నేరుగా ఫోన్లోకి ఎక్కించే ఫైల్) పంపినాడంట, వేసుకోవాల్నా అని. వద్దు! రిఫండ్‌కి ఫైల్ ఎందుకబ్బా, డబ్బులు రావడానికి పిన్నే అక్కర్లేదు, ఇంక యాప్ ఎందుకు? అది వేస్తే మొదట ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతాది, అంటే మీ ఓటీపీలన్నీ వాడు చదువుతాడు, తర్వాత యాక్సెసిబిలిటీ అడుగుతాది, అదిస్తే స్క్రీన్ మీద మీ వేలు చేసే పని వాడు చేయగలడు, తీసేద్దామంటే తీయనీడు కూడా. 399 పోయిన చోట ఖాతా మొత్తం ఊడ్చుకోని పోతాడు. గ్రూపులో ఏడ్చినోళ్ల లిస్టే వీళ్లకి గిరాకీ లిస్టు.

గ్రూపు అంటే గుర్తొచ్చింది, ఈ లింకులు పెట్టేది దొంగలే కాదు, రిఫరల్ కాయిన్ల కోసం మీ బావమరిదే పెడతాడు. ఇంక యాప్ చేసేటోళ్లు, ఒప్పుకోడానికి పచ్చ బటన్ ఒకటి, వదిలించుకోడానికి ఐదు స్క్రీన్లు, "నిజంగా వెళ్లిపోతారా" అని ఏడుపు మొఖం బొమ్మ. దీనికి సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని పేరుపెట్టి 2023 నవంబర్‌లో కేంద్రం 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే మనల్ని బోల్తా కొట్టించే స్క్రీన్ ఎత్తుల లిస్టులో, చేర్చింది, అయినా సిగ్గులేదు. కంప్లైంట్‌కి 1915 ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్, చేయండి.

ఆదోని తమ్ముడూ, సబ్‌స్క్రిప్షన్ కట్టకుండా ప్రీమియం ఫ్రీ అని గ్రూపులో వచ్చిన ఏపీకే మీ నాయన ఫోన్లో వేసినా, ఫోన్ వేడెక్కుతాంది అని రాసినావు. పత్తి అమ్మిన డబ్బులు పడే ఖాతా ఆ ఫోన్లోనే ఉందని కూడా నువ్వే రాసినావు. ఫోన్ వేడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫోన్లో డేటా, వైఫై రెండూ ఆపు, నీ ఫోన్ నుంచి బ్యాంకుకి కొట్టి యూపీఐ బ్లాక్ చేయించు, ఒక్క రూపాయి తేడా కనపడినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు. ఫోన్లో ఉండే ఫొటోలు వేరేచోట దాచిపెట్టుకోని ఫోన్ మొత్తం రీసెట్ కొట్టు. మీ నాయనకి నువ్వే చెప్పుకో.